నిలువు లోతు

మొన్న ఎండాకాలం చెన్నూరు నుంచి వచ్చిన మా చిన్నమ్మ అన్నం తింటూ, మధ్యలో ముద్ద ఆపి, "అగో, చెప్పుడే మర్చిపోయిన. గా పడవామె సచ్చిపోయిందే" అంది. అని, పచ్చిపులుసు ఇటు జరపమంది. నేను గిన్నె జరిపాను. చెయ్యి ఆ పని చేసింది గాని నేనక్కడ లేను. నా చుట్టూ నీళ్ళు వచ్చేశాయి. లేత ఆకుపచ్చ రంగు నీళ్ళు, గోరువెచ్చగా, గడ్డం దాకా.

ఆమెకు పేరు ఉండే ఉంటుంది. నాకు తెలియదు. మంథని రేవులో అందరూ పడవామె అనేవారు, నేను అత్తా అనేదాన్ని. నిజానికి పడవ ఆమె తమ్ముడిది. గడ వేసేది అతనే. ఆమె ముందు కొసన నిలబడి నీళ్ళు చూసేది. గోచీ పోసి కట్టిన చీర, నెత్తికి తువ్వాల, చెంపలో తంబాకు. తంబాకు ఉమ్మితే గాని ఆమెకు మాట వచ్చేది కాదు. పుట్టిల్లు సిరోంచ వైపు కాబట్టి ఆమె మాటల్లో మరాఠీ కలిసేది. సంతోషమొచ్చినా కోపమొచ్చినా "అగబాయి!" అనేది. రెండింటికీ ఒకటే అగబాయి. ఏది ఏదో మొహం చూసి తెలుసుకోవాలి.

వానాకాలం తప్ప మిగతా రోజుల్లో పడవ ఒడ్డు దాకా పోయేది కాదు. ఇసుకమేట తగిలి ఆగిపోయేది. అక్కడి నుంచి ఎవరికి వారు దిగి నీళ్ళలో నడవాలి. అప్పుడు మొదలయ్యేది ఆమె పని. మనిషిని నెత్తి నుంచి కాళ్ళ దాకా ఒక్కసారి చూసి, పక్కకు ఉమ్మి, చెప్పేది.

"నువ్వు దిగు, నీకు మోకాలు బంటే. నువ్వాగు, నీకు నడుము దాటుతది, ఇంకింత ముందటికి పోదాం. ఓ ముసలవ్వా, నువ్వు నా చెయ్యి వట్టు."

మనుషులను పేర్లతో కాక లోతులతో గుర్తుపెట్టుకునేది. "గా మెడబంటి సావుకారి ఇయ్యాల రాలేదా?" అని అడిగేది. ఆ సావుకారి పొట్టివాడు. ఆ మాట ఆయన చెవిన పడ్డా ఆమె లెక్కచేసేది కాదు.

ఎప్పుడూ సరిగ్గా చెప్పేదని కాదు. ఒకసారి కొత్త ధోవతి కట్టుకుని పెళ్ళికి పోతున్న పట్వారీతో "మోకాలు బంటే, దిగు" అంది. ఆయన ఛాతీ దాకా దిగిపోయాడు. ఆయన తిట్టిన తిట్లకు పడవంతా తలవంచుకుంది గాని ఆమె ఆయన వైపు చూడనే లేదు. నది వైపు తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, "నిన్నటిదాంక గట్ల లేకపోతివి గదనే, రాత్రికి రాత్రి ఇసుక ఎక్కడ దాసినవే?" అని తగువు పెట్టుకుంది. చాలా రోజులు ఆ నీళ్ళతో మాట్లాడలేదట. వాళ్ళ తమ్ముడే చెప్పాడు, నవ్వుతూ.

నేను రజాకార్ల గడబిడ సద్దుమణిగిన మరుసటేడు పుట్టానట. మూడేళ్ళప్పుడు జ్వరమొచ్చింది. పోతూ పోతూ అది నా కాళ్ళను పట్టుకుపోయింది. పోలియో అన్న మాట మా ఇంట్లోకి చాలా ఏళ్ళ తర్వాత వచ్చింది. అప్పటిదాకా "కాళ్ళు పడిపోయినయ్" అనేవారు, చెట్టు నుంచి ఏవో పడిపోయినట్టు. మంథనిలో బాపు మగ్గం నేసేవాడు. అమ్మను నేను అవ్వ అనేదాన్ని. అమ్మమ్మ ఊరు గోదావరి అవతల, చెన్నూరు దగ్గర. ఏడాదికి కొన్నిసార్లు ఆ నది దాటేవాళ్ళం. బాపు భుజాల మీద నేను. అక్కడి నుంచి అన్నీ కిందికి కనిపించేవి. మనుషుల పాపిళ్ళు, గంపల్లోని వంకాయలు, ఆమె నెత్తి మీది తువ్వాల. ఆ ఎత్తు నాది కాదని మాత్రం నాకు తెలుసు.

ఒకసారి, నాకు ఏడేళ్ళుంటాయేమో, ఇసుకమేట దగ్గర పడవ ఆగింది. ఆమె బాపును చూసి, "అన్నా, నీకు తొడలదాంక" అంది. అవ్వను చూసి, "వదినె, నీకు నడుము" అంది. బాపు దిగబోతుంటే నేను పైనుంచి, "మరి నాకు?" అన్నాను.

పడవలో ఎవరో నవ్వారు. అవ్వ నా పాదం నొక్కింది. పడవామె నవ్వలేదు. తలెత్తి నన్ను చూసింది. చూస్తూనే ఉంది. గడ ఆపిన పడవ మెల్లగా తిరగడం మొదలుపెట్టింది, ఒడ్డు మీది చెట్లన్నీ ఆమె వెనక నుంచి ఒకదాని తర్వాత ఒకటి నడిచిపోయాయి. ఆమె ఉమ్మను కూడా ఉమ్మలేదు.

"ఎరుకలే బిడ్డా" అంది చివరికి. "నిన్ను నిలబడంగ చూడలే. ఎట్ల చెప్పుదు?"

అప్పటిదాకా నన్ను చూసిన ప్రతివాళ్ళకూ నా గురించి అంతా తెలిసి ఉండేది. అయ్యో అనేవాళ్ళు, కర్మ అనేవాళ్ళు, ఫలానా ఆకు పసరు పుయ్యమనేవాళ్ళు. మొదటిసారి ఒక మనిషి తెలియదంది. తెలియదంటే, తెలుసుకోవలసింది ఏదో నాలో ఉందన్నమాట. బాపు భుజాల మీద అవతలి ఒడ్డు చేరేదాకా నేను నీళ్ళనే చూశాను.

ఈ మాటను నేను దాచుకున్నాను గాని, ఇంట్లో నా ఎత్తు గురించిన పంచాయితీ అప్పటికే ఉంది. జ్వరం నెత్తికెక్కిన రోజుల్లో అవ్వ గంగకు మొక్కింది. మా వైపు గోదావరిని గంగ అనే అంటారు. బిడ్డ బతికితే, బిడ్డ నిలువెత్తు వత్తి చేసి, నూనెలో తడిపి, కార్తీకంలో వెలిగించి నీళ్ళ మీద వదులుతానని మొక్కు. నేను బతికాను. నిలువే లేకపోయింది.

మొదట్లో నేను లేచి నిలబడ్డాకే తీరుస్తానంది అవ్వ. ఒక కార్తీకం పోయింది, ఇంకొకటి పోయింది. తర్వాత్తర్వాత ఇంట్లో ఏం జరిగినా ఆ మొక్కు గుర్తొచ్చేది. ఆవు ఈనలేదన్నా అదే, బాపు కళ్ళు మండాయన్నా అదే. నా కాళ్ళు రాకపోవడానికి కూడా మొక్కు తీరకపోవడమే కారణమని నమ్మింది. కాళ్ళు వస్తే గాని మొక్కు తీరదు, మొక్కు తీరితే గాని కాళ్ళు రావు. మధ్యలో అవ్వ.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, వానలు తగ్గుతున్న రోజుల్లో, నా తమ్ముడికి జ్వరమొచ్చింది. నాకొచ్చినట్టే, ఒళ్ళంతా కాలిపోయే జ్వరం. అవ్వ వాడి పాదాలు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు కదులుతున్నాయా లేదా అని చూస్తూ కూర్చుంది. నాలుగో నాటికి వాడు లేచి జామకాయ అడిగాడు. వాడు నడిచి వాకిట్లోకి పోతుంటే అవ్వ గోడకు ఆనుకుని ఏడ్చింది. "ఈ కార్తీకం దాటనియ్య" అంది. ఎవరితో అందో తెలియదు.

ఇక నన్ను కొలవడం మొదలైంది. పక్కింటామె వచ్చి తమ్ముడి ఎత్తు మీద ఒక జానెడు కలపమంది. అమ్మమ్మేమో, "ఎవల మూరకు వాళ్ళు మూడున్నర మూరలు. దాని మోచెయ్యి వట్టి కొలువు" అంది. అవ్వకు ఏదీ నచ్చలేదు. నన్ను చాప మీద పడుకోబెట్టి, నెత్తి దగ్గర నూలుపోగు పెట్టి కిందికి లాగింది. నా మోకాళ్ళు చాప మీద ఆనవు. పోగు ఒక గుట్ట ఎక్కి, దిగి, మడమ చేరింది. అవ్వ ఆ పోగును చాలాసేపు పట్టుకుని కూర్చుంది. మూడు కొలతలు మూడు తీర్లుగా వచ్చాయి. "తక్కువైతే గంగ ఊకుంటదా? ఎక్కువైతే అబద్ధమాడినట్టు" అంది. పోగును వేలికి చుట్టి చుట్టి, చివరికి తీసి అవతల పెట్టింది.

దసరా తర్వాత అమ్మమ్మ ఊరి నుంచి తిరిగి వస్తున్నాం. రేవులో జనం లేరు. నలుగురన్నా వస్తే గాని పడవ తియ్యనని పడవామె తమ్ముడు గడ పక్కన పెట్టి నిద్రపోయాడు. మధ్యాహ్నపు ఎండ నీళ్ళ మీద పడి, పడవ లోపలి చెక్కల మీద వలలాగా కదులుతోంది. అవ్వ ఆమెతో కష్టసుఖాలు చెప్పుకుంటూ చెప్పుకుంటూ మొక్కు సంగతి చెప్పింది. నా తమ్ముడి జ్వరం చెప్పింది. మూడు కొలతలూ చెప్పింది. ఆమె తంబాకు నములుతూ వింది.

"వదినె, నేను తాళ్ళు బారతోని కొలుస్త" అంది. "జర లేచి చేతులు చాపు."

అవ్వ సిగ్గుపడుతూ రెండు చేతులూ చాపింది. ఆమె పడవ తాడు తెచ్చి, ఈ చేతి వేలికొస నుంచి ఆ చేతి వేలికొస దాకా పట్టి ముడేసింది. అదే తాడును అవ్వ నెత్తి నుంచి మడమ దాకా వదిలింది. సరిగ్గా ముడి దగ్గరికే మడమ వచ్చింది. అవ్వ వంగి ముడిని ముట్టుకుంది. బాపును కూడా కొలిస్తే ఆయనకు ఒక వేలు ఎక్కువొచ్చింది, అంతే.

"మనిషి బార ఎంతో నిలువు గంతే" అంది ఆమె. "కోడలా, చేతులు చాపు."

నేను పడవ అడుగున కూర్చుని చేతులు చాపాను. అన్నాళ్ళూ నన్ను ముడుచుకుని ఉండగానే అందరూ చూశారు. అంత వెడల్పుగా నన్నెవరూ చూడలేదు. నేనూ చూసుకోలేదు. తాడు నా వేలి నుంచి వీపు మీదుగా ఇంకో వేలికి పోయింది. ఆమె ముడేసి, ఆ తాడు ముక్కను పలక మీద పరిచి, "గింత" అంది.

నేను వంగి చూశాను. ఎక్కడా గుట్టలు లేవు. పడవ పలక మీద చక్కగా పడుకుని ఉన్నాను నేను.

అవ్వ మాత్రం ఆ తాడు వంక చూసి తల అడ్డంగా ఊపింది. "దీని చేతులు పెరిగినయ్ వదినె. కాళ్ళు గట్ల పెరగలే. కుడిది ఇంకింత చిన్నగుంటది. గిది దీని నిలువు కాదు."

ఆమె నొచ్చుకుంటుందనుకున్నాను. నొచ్చుకోలేదు. నా కాళ్ళను ముట్టుకుని చూసింది, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసింది. "నిజమే" అంది. ఉమ్మింది. "గట్లయితే నీళ్ళల్ల చూద్దాం."

"అమ్మో, వద్దు" అంది అవ్వ.

"నేను లేనా?"

"నడవరాని పోరి, నీళ్ళల్ల ఎట్లుంటది?"

బాపు పడవ అంచు మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు. "చూడనియ్యవే" అన్నాడు, చాలా మెల్లగా.

ఆమె నన్ను ఎత్తుకుని దిగింది. ఒడ్డు పక్కన నీళ్ళు వెచ్చగా ఉన్నాయి, లోపలికి పోతున్నకొద్దీ చల్లబడ్డాయి. నా చీలమండలు తడిశాయి, మోకాళ్ళు, నడుము, ఛాతీ. ఆమె నన్ను చంకల కింద పట్టుకుని తన నుంచి దూరంగా జరిపింది. నా కాళ్ళు ముందుకు తేలివచ్చాయి, నావి కానట్టు, ఎవరో వదిలేసిన తామరకాడల్లాగా.

"ఊపిరి బిగవట్టకు" అంది. "ఇడిచిపెట్టు. మొత్తం ఇడిచిపెట్టు."

నేను ఊపిరి వదిలాను. కాళ్ళు మెల్లగా కిందికి పోవడం మొదలుపెట్టాయి. అవి ఎంత దూరం పోతాయో నాకు తెలియదు. నేను ఇంత పొడుగున్నానా అనిపించింది. కింద చీకటిగా, చల్లగా ఉంది. అప్పుడు ఎడమకాలి బొటనవేలికి ఏదో తగిలింది. ఇసుక. అది కదిలి, నా వేలి చుట్టూ సర్దుకుంది.

ఒడ్డు మీద అవ్వ మాట్లాడుతోందేమో, వినపడలేదు. నది నా గడ్డం కింద నుంచి మొదలై ఎక్కడికో పోయింది. నా కంటికి ఎదురుగా ఆమె గుండెల మీది గొలుసులో నల్లపూసలున్నాయి. ఎవరి మొహాన్నయినా నేను కింద కూర్చుని చూశాను, లేదా భుజాల మీద నుంచి చూశాను. ఒక మనిషి ముందు నిలబడి చూడటం అదే మొదలు. ఆమె చేతులు నన్ను పట్టుకునే ఉన్నాయి గాని పట్టు వదులు చేసింది. నీళ్ళు నన్ను నిలబెట్టాయి.

"అగబాయి!" అంది ఆమె. అది సంతోషపు అగబాయి.

కుడికాలు ఇసుకను అందలేదు. కొంచెం వంగి, ఎడమకాలి పక్కనే అలా వేలాడింది. ఆమె నా నెత్తి మీద అరచెయ్యి బల్లపరుపుగా పెట్టి, దాన్ని తన ఒంటికి ఆనించుకుని, అక్కడ చీర మడత నొక్కి పట్టుకుంది. నన్ను బాపు చేతికిచ్చాక, ఒడ్డున నిలబడి ఆ మడత నుంచి తన మడమ దాకా తాడు వేసింది. పలక మీది తాడు కన్నా నాలుగు వేళ్ళు తక్కువొచ్చింది.

"గిదే నిజం" అంది అవ్వ. "గంగ నిలబెట్టి చూపిచ్చింది. ఇంతే పెడత."

"నాకు పొడుగుదే కావాలె" అన్నాను నేను. తడి లంగాతో వణుకుతూ, ఏడుపొక్కటే తక్కువ.

"గంగకు అబద్ధం చెప్పొద్దే."

"పొడుగుదే కావాలె."

ఆమె మా ఇద్దరి మధ్య తాడు పట్టుకుని నిలబడింది. దవడ కదిలింది. ఉమ్మింది. "వదినె, వత్తి మొత్తం నూనెల ముంచుతవా? అంటువెట్టెటందుకు కొస బయట ఉండొద్దా? నీళ్ళల్ల వచ్చినంత నూనెల వెట్టు. గీ నాలుగు వేళ్ళు బయట ఉంచు. మండేది గదే గద!"

అవ్వ ఆమెను చూసింది, నన్ను చూసింది. ఎన్నో ఏళ్ళకు, నాకు తెలిసి మొదటిసారి, మా అవ్వ నోరు తెరిచి నవ్వింది.

మగ్గం మీది నూలుకు గంజి ఉంటుంది, అది నూనె పీల్చదు. అందుకని అవ్వ పచ్చి దూది తెచ్చి తనే వడికింది. కార్తీకంలో ఒక సాయంత్రం, వెడల్పాటి మట్టి మూకుడులో వత్తిని చుట్టలు చుట్టలుగా పెట్టి, కొస బయటికి లాగి, అరటిబొంద మీద నిలిపి వదిలాం. పడవామె నడుం లోతుకు దిగి దాన్ని ప్రవాహంలోకి తోసింది. అది ఊగింది, తిరిగింది, దారి చూసుకుని వెళ్ళిపోయింది. చాలా దూరం పోయేదాకా మేం చూస్తూనే ఉన్నాం. అవ్వ ఇసుకలో కాళ్ళు బారచాపుకుని కూర్చుంది. ఎప్పుడూ ఏదో పని మీదకి లేవబోతున్నట్టు కూర్చునే మనిషి.

నా కాళ్ళు రాలేదు. అవి వస్తాయని అవ్వ కాచుకుని ఉండటం మాత్రం ఆ కార్తీకంతో ఆగిపోయింది. మరుసటి నెలలో బాపు నన్ను భుజాల మీద ఎక్కించుకుని బడికి తీసుకుపోయాడు. అన్నాళ్ళూ నిలబడ్డాక పోదువులే అన్నారు. ఇప్పుడా మాట ఎవరూ అనలేదు.

ఆ తర్వాత నది దాటిన ప్రతిసారీ ఆమె నా లోతు కూడా చెప్పేది. "కోడలు పిల్లకు గా నల్లబండ కాడ గొంతుబంటి" అనేది. ఆ మరుసటేడు అదే బండ దగ్గర "భుజాలబంటి" అంది. తీరిక ఉంటే నీళ్ళలో దింపేది. వెల్లకిలా తేలడం, చేతులతో ఈదడం ఆమే నేర్పింది. ఇంట్లో నా వయసు అందరికీ తెలుసు. నేను పెరుగుతున్నానని చెప్పింది ఆమె ఒక్కతే. పెరగకపోతే అదీ చెప్పేది. ఒక ఎండాకాలం నన్ను నీళ్ళలో నిలబెట్టి, నెత్తి మీద చెయ్యి పెట్టి, మొహం ముడుచుకుంది. "నిరుడంతనే ఉన్నవు. తింటలేవా?" అంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆమె ఓదార్చలేదు. పడవలో నుంచి ఒక బొచ్చెచేప తీసి అవ్వ ఒళ్ళో పడేసి, "పోరికి పెట్టు, కొడుక్కు కాదు" అంది. అవ్వకు కోపమొచ్చింది. చేప మాత్రం నాకే పెట్టింది.

పెద్దయ్యాక కరీంనగర్‌లో చదువుకున్నాను. బస్సులు పెరిగి, మేం రేవుకు పోవడం తగ్గింది. హైదరాబాద్‌లో నా కాళ్ళకు ఇనుప పట్టీలు, చంకలకు కర్రలు అమర్చారు. వాటి మీద నిలబడటానికి ఒక ఏడాది పట్టింది. ఆమె పడవ మీదకు రావడం లేదని విన్నాను. కళ్ళకు మోతిబిందు వచ్చి పొర కమ్మిందట, నీళ్ళకూ ఇసుకకూ తేడా తెలియడం లేదట.

చెన్నూరులో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు బండి కట్టించుకుని ఆమె ఉన్న పల్లెకు పోయాను. నది వాసన వేసే సందు. తాటాకుల గుడిసె, చూరు చాలా కిందికి దిగి ఉంది. వాకిట్లో ఆమె మరదలు చేపలు తోముతోంది. నన్ను చూసి లేవబోతే, ఉండమని చెయ్యి ఊపాను. లోపల మసక వెలుతురులో ఆమె కూర్చుని ఉంది, ఒళ్ళో వల, వేళ్ళతో తడుముతూ చిరుగులు వెతుకుతోంది. జుట్టంతా తెల్లబడింది. దవడ మాత్రం అలాగే కదులుతోంది.

గుమ్మం ముందు కర్రలు ఆనించి నిటారుగా నిలబడ్డాను. "అత్తా" అన్నాను.

ఆమె వేళ్ళు ఆగాయి. మొహం తిప్పింది, మొదట నేల వైపు, తర్వాత నా గొంతు వచ్చిన వైపు, మెల్లగా పైకి, ఇంకా పైకి. ఆ తెల్లని కళ్ళు నా నెత్తి దాకా వచ్చి ఆగాయి. నన్ను పోల్చుకోలేదు. పక్కకు తిరిగి, పక్కనున్న చిప్పలో ఉమ్మింది.

"ఎవలో పొడుగు మనిషి వచ్చింది" అంది, బయట మరదలికి వినపడేలా. "చూరు నెత్తికి తాకుతది. జర వంగి రమ్మను."

నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి నన్ను ఎత్తినవాళ్ళున్నారు, మోసినవాళ్ళున్నారు, కూర్చోమన్నవాళ్ళున్నారు. వంగమన్నవాళ్ళు లేరు. కర్రలు కొంచెం వెనక్కి జరుపుకుని, తల దించి, చూరు కింది నుంచి లోపలికి వెళ్ళాను.